కేసు ఉన్నోళ్ళకే మాత్ర

మా మామ శాంతయ్య జైలు వార్డరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయింది గానీ ఆయనలోని వార్డరు మాత్రం రిటైరు కాలేదు. పెళ్ళిచూపులకని నేను చిత్తూరులో వాళ్ళింటికి వెళ్ళిన రోజు, కాళ్ళు కడుక్కోమని చెంబు చేతికిచ్చి, నేను వంగగానే నా చొక్కా జేబులోకి తొంగి చూసిన మనిషి ఆయన. పక్కన మా అమ్మ ఉంది, పాస్టరుగారు ఉన్నారు. జేబులో దువ్వెన, చేతిరుమాలు తప్ప ఏమీ లేవని తేలాకే కాఫీ వచ్చింది. లోపలినుంచి పెళ్ళికూతురు గ్రేసీ అది చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వు నచ్చి ఆగాను గానీ, లేకపోతే అప్పుడే లేచి వచ్చేసేవాణ్ణి.

జైలు గేటు దగ్గర, ఖైదీలను చూడ్డానికి వచ్చేవాళ్ళు తెచ్చిన తిండిని సోదా చేయడం ఆయన డ్యూటీ. లడ్డు చిదిమి చూడాలి, అరటిపండు విరిచి చూడాలి, సబ్బు కోసి చూడాలి. ఏళ్ళ తరబడి అదే పని చేసిన చెయ్యి ఇంట్లో ఊరుకుంటుందా? పండక్కి గ్రేసీ పోళీలు చేసి నాతో పంపిస్తే, ఒకదాన్ని రెండుగా చించి, వాసన చూసి, అప్పుడు నోట్లో పెట్టుకున్నాడు.

"చేసింది నీ కూతురే గదా మామా" అన్నాను.

"చేసింది నా కూతురే. తెచ్చింది నువ్వు గదప్పా" అన్నాడు.

ఇలాంటి మనిషికి రిటైరయ్యాక దొరికిన పని చూడండి. తిరుపతి నుంచి ఒక పరిశోధన బృందం వచ్చి, చిత్తూరులో మా కోర్టు వెనక వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుంది. మత్తుమందుల కేసుల్లో దొరికి, బెయిలు మీద బయట తిరుగుతున్నవాళ్ళకు వైద్యం చేస్తే, మళ్ళీ జైలుకు పోవడం తగ్గుతుందా లేదా అన్నది వాళ్ళు తేల్చాలి. చేరినవాళ్ళను రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు రోజూ ఒక మాత్ర ఇచ్చి, కూర్చోబెట్టి మాట్లాడతారు. రెండో గుంపుకు మాటలే, మాత్ర ఉండదు. ఎవరు ఏ గుంపులోకి పోవాలన్నది తిరుపతిలో ఉన్న కంప్యూటరు చీటీ వేసినట్టు వేసి చెబుతుంది. ఆ మాత్రను నాలుక కింద పెట్టుకుని కరిగించుకోవాలి. మింగకూడదు, బయటికి తీసుకుపోకూడదు. తీసుకుపోతే పరిశోధనలోంచి తీసేస్తారు. తీసేసినట్టు కోర్టుకు తెలిస్తే బెయిలు నిలవదు.

నోళ్ళు తెరిపించి చూసేందుకు వాళ్ళకు ఒక అనుభవజ్ఞుడు కావలసి వచ్చింది. ఆ పరిశోధన నడిపే డాక్టరు రూపశ్రీ మా మామను పెట్టుకుంది. కోర్టు ఎదుట నాకు జిరాక్స్ షాపు ఉంది గనక మధ్యాహ్నం అన్నం క్యారియరు నేనే తీసుకుపోయేవాణ్ణి. వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చినవాణ్ణల్లా "నాలిక ఎత్తు. పక్కకి తిప్పు. దవడ లాగు" అంటూ ఉండేవాడు. వచ్చేవాళ్ళకు ఆయన్ను చూస్తే వణుకు. లోపల డాక్టరమ్మ ఏమి మాట్లాడించినా, బయట కూర్చున్న ఈ మనిషి అంతా పోలీసులకు చేరవేస్తున్నాడని వాళ్ళ నమ్మకం. ఈయనకు వాళ్ళమీద అనుమానం, వాళ్ళకు ఈయనమీద అనుమానం. ఎవరినీ అనుమానించని డాక్టరమ్మ మీద ఇద్దరికీ అనుమానమే.

"ఆ చీటీ యవ్వారం నువ్వు నమ్ముతావా?" అని నన్ను అడిగాడు ఒకరోజు. "కంప్యూటరు ఏస్తాదంట. యాడైనా సూసినావా చీటీ నిజంగా ఏసేది? ఎవురికి కావాలో వాళ్ళకి వస్తాది. ఆ డాక్టరమ్మ మంచిదే. కానీ నొక్కేది ఆయమ్మ చెయ్యే."

కేసు లేనివాళ్ళు కూడా ఒకరిద్దరు వచ్చేవాళ్ళు, మాకూ మాత్ర ఇప్పించండని. వాళ్ళను ఆయన వాకిలి కూడా దాటనిచ్చేవాడు కాదు. మాత్రలు కొట్టేయడానికి వచ్చారని ఆయన లెక్క. "కేసు ఉండాదా? లేదా? అయితే ఈడేం పని, నడువ్" అని తరిమేసేవాడు.

మునిశేఖర్ అనే అతను కార్వేటినగరం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పాల వ్యాను డ్రైవరు. నొప్పి మాత్రలు నూరి సూదితో ఎక్కించుకునే అలవాటు. మాత్రల షీట్లతో సహా దొరికి జైలుకు పోయి బెయిలు మీద వచ్చాడు. కంప్యూటరు అతన్ని మాత్రల గుంపులో వేసింది. ఆ గుంపులో తక్కినవాళ్ళు మొహాలు తేటపడి, అన్నం సయించి, పనుల్లో చేరుతున్నారు. ఇతను మాత్రం నానాటికీ దిగజారిపోతున్నాడు. ఆవులింతలు, ముక్కు కారడం, ఎండలేకపోయినా చెమట. డాక్టరమ్మ పాపం మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచింది. మా మామ అలా అనుకునే రకమా?

"మందు కడుపులోకి పోతే ఈ యాతన ఎందుకుంటాది? పోవడంల్యా" అన్నాడు నాతో.

అప్పటినుంచి అతని మీదే కన్ను. నోరు తెరిపిస్తే నాలుక కింద తెల్లగా మాత్ర కనిపిస్తుంది. కాసేపు కరగాలని బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ కాసేపట్లో ఒక దగ్గు వస్తుంది, భుజం మీది తువ్వాలు నోటికి పోతుంది. మళ్ళీ నోరు తెరిస్తే ఖాళీ. ఆ తువ్వాలు కొసకు ఒక చిన్న ముడి ఉందని మామ కనిపెట్టాడు. సగం కరిగిన మాత్రను అందులో కట్టుకుపోతున్నాడు.

నేనైతే అక్కడే పట్టుకుని లోపల అప్పజెప్పి ఉందును. మామ ఏమీ ఎరగనట్టు పంపించేశాడు.

"మోసేవాణ్ణి పట్టుకుంటే ఏమొస్తాది అబ్బోడా? యాడ దించుతాడో సూడల్ల. అమ్ముకుంటా ఉండాడు వాడు. కొనేవాణ్ణి గూడా పట్టియ్యల్ల. రేపు నీ బండి తియ్యి" అన్నాడు.

మరునాడు షాపుకు తాళం వేసి, మామను వెనక ఎక్కించుకుని మునిశేఖర్ ఎక్కిన పుత్తూరు బస్సు వెంట పడ్డాను. గంగాధర నెల్లూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు. బస్సు ఆగిన ప్రతిచోటా నన్ను ఆపమంటాడు, దిగినవాళ్ళ చేతులకేసి చూస్తాడు. ఒకచోట ఒక ముసలాయన మునిశేఖర్ పక్కనుంచి లేచి దిగితే, ఆయనే కొనేవాడేమోనని నన్ను తోటలోకి మళ్ళించబోయాడు. ముసలాయన పొలం గట్టున మొహం కడుక్కుని, మా వంక వింతగా చూసి తన దారిన పోయాడు. నాకు సిగ్గేసింది. మామకు వేయలేదు.

కార్వేటినగరంలో మునిశేఖర్ దిగి, పాత కోట గోడ పక్క సందులోకి నడిచాడు. మేము బండి దూరంగా నిలిపి వెనకే వెళ్ళాం. రేకుల ఇల్లు. తలుపు ఓరగా వేసి ఉంది. మామ తలుపు తట్టలేదు. జైలు గదిలోకి పోయినట్టు తోసుకుని లోపలికి పోయాడు.

మంచం మీద మునిశేఖర్ తమ్ముడు భాను పడుకుని ఉన్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. వాళ్ళమ్మ దేవకమ్మ అతని తల ఎత్తి పట్టుకుంది. మునిశేఖర్ తువ్వాలు ముడి విప్పి, ఆ తడి మాత్రను తమ్ముడి నాలుక కింద పెడుతున్నాడు. మమ్మల్ని చూసి ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"తక్కినవి యాడ పెట్టినావు?" అన్నాడు మామ. "ఎవురికి అమ్ముతా ఉండావు?"

జవాబు కోసం ఆగకుండా సోదా మొదలెట్టాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు, పరుపు ఎత్తాడు, దేవుడి పటం వెనక వేళ్ళు పెట్టి తడిమాడు. "మామా, చాలు" అని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"సూడు, బాగా సూడు" అంది దేవకమ్మ. "అమ్ముకునేవాళ్ళ ఇల్లు ఇట్లుంటాదా సామీ?"

మంచం మీదినుంచి భాను మెల్లగా అన్నాడు. "పెద్దాయనా, నేను మీ తావుకి వచ్చినా. మీరే తోలేసినారు. కేసు ఉండాదా అని అడిగినారు. లేదన్నాను. నడువ్ అన్నారు."

మామ చెయ్యి పటం వెనకే ఆగిపోయింది. ఆయనకు ఆ మొహం గుర్తు లేదు. అట్లా తరిమినవాళ్ళ మొహాలు ఆయన ఎప్పుడు చూశాడు గనక.

అప్పుడు దేవకమ్మ చెప్పింది. మామిడి కాయలు లారీకి ఎత్తుతూ భాను కిందపడ్డాడు. కాలు విరిగింది. పుత్తూరులో కట్టు కట్టించారు, ఎముక చక్కగా అతుక్కుంది. కానీ నొప్పికి ఎవరో స్నేహితుడు తెచ్చిచ్చిన మాత్రలు మాత్రం వదల్లేదు. మింగడం చాలక ఎక్కించుకోవడం వచ్చింది. తమ్ముడి కోసం తెచ్చి తెచ్చి అన్నకూ అంటుకుంది. తెచ్చేటప్పుడు దొరికింది అన్న, కాబట్టి కేసు అన్నమీద. ఒక ప్రైవేటు సెంటరులో భానును పెడితే మంచానికి కట్టి కొట్టారు, పారిపోయి వచ్చాడు. ఇంకోచోట నిద్రమాత్రలిచ్చి పంపారు. అన్న తెచ్చిన ఈ సగం మాత్ర పడిన రోజే భాను లేచి నాలుగు మెతుకులు తింటున్నాడు.

"జబ్బు ఇద్దరిది. మందు ఒగుడికే ఇస్తారంట" అంది. "వాడు తాగకుండా తమ్ముడికి తెస్తా ఉండాడు. ఇద్దరిలో ఎవుర్ని బతికించుకోవల్లనో నువ్వే చెప్పు."

మునిశేఖర్ చేతులు జోడించాడు. "డాక్టరమ్మకి చెప్తే నన్ను తీసేస్తారు, బెయిలు పోతాది. నేను లోపలికి పోతే వీడికి ఆ సగం గూడా ఉండదు."

తిరిగి వచ్చి మామ ఇంటి దగ్గర దిగాక, "నాటకమేమో అని గూడా ఉండాది నాకు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తల్లి మొహం చూసి కూడా అలా అనగలిగిన మనిషితో ఏం మాట్లాడతాం! గ్రేసీకి చెబితే, "మా నాయన అన్నం తిన్నాడా?" అని అడిగింది. తినలేదన్నాను. "అయితే నాటకమని ఆయన అనుకోవడంల్యాలే" అంది.

కూతురుకు తెలుసు తండ్రి సంగతి. ఆయన డాక్టరమ్మకు ఏమీ చెప్పలేదు. పదిమంది ఖైదీల దగ్గర పది బీడీలు దొరికితే పదీ రాసి పెట్టే మనిషి, కళ్ళ ముందు రోజూ మాత్ర తువ్వాల్లోకి పోతుంటే కిటికీకేసి చూస్తూ కూర్చున్నాడు. మునిశేఖర్ మాత్రం ఇంకా కృశించిపోతున్నాడు. ఒకరోజు బెంచీ మీదే తూలి పడబోయాడు. ఇట్లా సాగితే ఇద్దరూ మిగలరని మామకు అర్థమైంది.

డాక్టరమ్మ దగ్గరికి పోయి, పేరు చెప్పకుండా అడిగాడు. "కేసు లేనోడికి ఒగుడికి ఇస్తే ఏమమ్మా?"

"ఈ పరిశోధన కేసులున్నవాళ్ళ మీదే శాంతయ్యగారూ. బయటివాళ్ళను కలిపితే లెక్కంతా తప్పిపోతుంది. ఎవరైనా ఉంటే చెప్పండి, తిరుపతి ఆసుపత్రికి రాసిస్తాను" అంది ఆమె.

ఎవరైనా ఉంటే చెప్పండి అన్న మాట ఆయనకు ఉచ్చులా వినిపించింది. పేరు చెబితే మునిశేఖర్ సంగతి కూడా బయటికి లాగుతుందని అనుమానం. చెప్పకుండా వచ్చేశాడు. అప్పుడాయనకు తట్టిన ఉపాయం, జైలు గోడల మధ్య బతికిన మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టదు.

మళ్ళీ నా బండి మీదే కార్వేటినగరం పోయి, ఆ మంచం పక్కన గోనెపట్టా మీద కూర్చుని భానుతో చెప్పాడు. "కేసు లేదు, అంతే గదా? సిన్న కేసు ఒగటి పడితే సరిపోతాది. ఒగ షీటు సేతిలో పెట్టుకుని నువ్వే టేసనుకి పో. కొంచెమే గాబట్టి బెయిలు బిన్నా వస్తాది, ఆలీసం కాదు. సబ్‌జైల్లో నా దగ్గర పని నేర్చుకున్నోళ్ళు ఉండారు, నిన్ను సూసుకుంటారు. బయటికి రాగానే మా తావుకి వస్తావు. నీ మాత్ర నీకి, మీ అన్న మాత్ర వాడికి."

"ఆ కంప్యూటరు మాటల గుంపులో ఏస్తే?" అని మునిశేఖర్ అడిగాడు.

"కంప్యూటరు గింప్యూటరు ఏమీ లేదప్పా. ఏసేది డాక్టరమ్మ. నేను చెప్పి ఏపిస్తా. నా మాట కాదనదు."

దేవకమ్మ వద్దంది. నేనూ వద్దన్నాను. డాక్టరమ్మ తిరుపతికి రాసిస్తానందిగా, అది అడుగుదాం అన్నాను. "ఆసుపత్రిలో ఎవురుండారు మనకి? జైల్లో అయితే మనోళ్ళుండారు" అన్నాడు మామ. ఆయన దృష్టిలో లోకంలో నమ్మదగిన చోటు ఏదన్నా ఉంటే అది జైలే. లోపల ఎవడు ఏంటో ముందే తెలిసి ఉంటుంది కదా. భాను మాత్రం లేచి కూర్చున్నాడు. అతని కళ్ళల్లో ఆశ చూశాక మేమెవరమూ గట్టిగా వద్దనలేకపోయాం.

అతను మామ చెప్పినట్టే చేశాడు. సబ్‌జైల్లో మామ మనుషులు చూసుకున్నారు నిజమే, కానీ వాళ్ళ దగ్గర మాత్ర ఎక్కడిది? మందు లేని ఆ రోజుల్లో భాను వాంతులతో, కాళ్ళు కొట్టుకుంటూ నేలమీద దొర్లాడట. చూడ్డానికి పోయిన దేవకమ్మ గేటు బయట కూలబడిపోయింది. బెయిలు కాగితాలు నా షాపులోనే జిరాక్స్ తీశాను. మామ లెక్క అక్కడి వరకూ తప్పలేదు. బెయిలు తొందరగానే వచ్చింది, డాక్టరమ్మ దగ్గర హాజరు కావాలన్న షరతుతో సహా.

ఆ ఉదయం అందరం అక్కడే ఉన్నాం. మామ తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళిపెద్దలా భానును లోపలికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ అన్నీ అడిగింది, రక్తం తీయించింది, అర్హుడేనంది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుంది. మామ వంగి ఆమె చెవి దగ్గర ఏదో చెప్పాడు.

"అది నా చేతిలో లేదండీ" అంది ఆమె, ఆశ్చర్యంగా ఆయన్ను చూస్తూ. "నేనే కాదు, ఎవరూ మార్చలేరు."

బటను నొక్కింది. తెర మీద వచ్చింది చదివింది. మాటల గుంపు.

"ఇంగోతూరి నొక్కమ్మా" అన్నాడు మామ.

"ఒకసారే శాంతయ్యగారూ."

"ఎవురు చెప్పినారు వాడికి మాత్ర లేదని? తిరుపతిలో ఎవురుండారు, ఫోను చెయ్యి, నేను మాట్లాడతా" అని కేకలు వేశాడు. తిరుపతిలో చీటీ వేసేది కంప్యూటరే. ఫోను చేయడానికి మనిషి లేడు. పాడు లోకంలో అన్ని చీటీలూ దొంగ చీటీలేనని ఆయన జీవితమంతా నమ్మాడు. ఇది ఒక్కటి మాత్రం నిజంగానే చీటీ.

గొడవకు డాక్టరమ్మ బెదిరిపోయి, భాను కేసు ఎందుకు వేయించుకున్నాడో మామ నోటినుంచి మెల్లగా లాగింది. నొచ్చుకుంది. తిరుపతి ఆసుపత్రికి ఇప్పుడే రాసిస్తాను, అక్కడ కేసు ఉన్నా లేకపోయినా ఇదే మాత్ర ఇస్తారు అంది. మొదటే చెప్పి ఉంటే మొదటే పంపేదాన్నని కూడా అంది. ఆ మాట దేవకమ్మ వింది. విని, వాకిట్లోకి వచ్చి మామ ఎదుట నిలబడింది.

"కేసు లేకపోయినా ఇస్తారంటనే" అంది. "నా పెద్ద కొడుకుమీద ఒగ కేసు ఉండె. సిన్నోడి మీద లేకుండె. నువ్వొచ్చి ఏపించినావు. దీనికేనా మా ఇంటికి వచ్చినావు? పోలీసోళ్ళ లెక్కకి తల ఒగటి తక్కువైందా?"

"లేదు తల్లీ. నిజంగా వాడు బాగుపడాలనే..." అన్నాడు మామ.

"మా ఇల్లంతా ఎతికినావే, నేను ఏమన్నా అన్నానా? ఇప్పుడు నిన్ను నమ్మేదానికి ఒగ కారణం చెప్పు. ఒగటి చెప్పు, సాలు."

మామ సాక్ష్యం చెప్పమన్నట్టు నా వైపు తిరిగాడు. నేను చెప్పవలసింది. అన్నం మానేసిన సంగతి, రోజూ కిటికీకేసి చూస్తూ కూర్చున్న సంగతి నాకు తెలుసు. కానీ అబద్ధమెందుకు, ఆ తల్లి మాటలు విన్నాక ఒక్క క్షణం నన్నూ అనుమానపు పురుగు తొలిచింది. జైల్లో అంతమంది తెలిసిన మనిషి, స్టేషనుకు నువ్వే పొమ్మని చెప్పిన మనిషి. ఆ క్షణంలోనే దేవకమ్మ ఇద్దరు కొడుకులనూ చెరో చెయ్యీ పట్టుకుని వీధిలోకి నడిచేసింది. డాక్టరమ్మ రాసిన కాగితం తీసుకోలేదు. మునిశేఖర్ ఆ రోజు మాత్ర కూడా వేసుకోలేదు, మరునాడు రాలేదు.

మామ పని మానేశాడు. నేనూ గ్రేసీ రెండుసార్లు కార్వేటినగరం వెళ్ళి తలుపు తట్టాం. లోపల మనుషులున్న అలికిడి ఉంది గానీ తలుపు తీయలేదు. ఆ కబురు చెప్పడానికి వెళ్తే మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అంతా విని, "నువ్వన్నా నమ్ముతావా అబ్బోడా, నేను మంచికే చెప్పినానని?" అని అడిగాడు.

"నమ్ముతాను మామా" అన్నాను.

ఆయన నమ్మలేదు.